తెల్లవారుజామున జాజ్

న్యూయార్క్‌లో సోమవారం రాత్రి ఏడున్నర అయ్యేసరికి మన నిడమనూరులో మంగళవారం తెల్లవారుజామున 5 గంటలవుతుంది. చలికాలంలో న్యూయార్క్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి 6. పియానో విద్వాంసుడు ఎమెట్ కోహెన్ 2020 మార్చిలో, లాక్‌డౌన్ రోజుల్లో, హార్లెంలోని తన ఇంటి నుంచే యూట్యూబ్‌లో మొదలుపెట్టిన ప్రత్యక్ష కచేరీలు ఈ వేళకే పేరుపడ్డాయి. గ్రీనిచ్ విలేజ్‌లో 1994లో తెరిచిన స్మాల్స్ అనే నేలమాళిగ క్లబ్బు కూడా తన కచేరీలను నెట్‌లో ప్రసారం చేస్తుంది.

రికార్డులుండగా ప్రత్యక్షంగానే ఎందుకు వినాలి? జాజ్‌లో పాట వరస ఒక ఆధారం మాత్రమే, మిగతాదంతా మనోధర్మం. కర్ణాటక సంగీతంలో కల్పనస్వరం ఎటు పోతుందోనని చెవులు రిక్కించే వారికి ఇది కొత్త కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 1983లో, ఇంకా బాలుడిగా ఉండగానే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి రిమెంబర్ శక్తి బృందంలోనూ ఉన్నారు. జాజ్‌లోకి తెలుగువారికి అంతకన్నా దగ్గరి దారి లేదని నా నమ్మకం.

ఆ కచేరీ నెట్‌లో మన దాకా వచ్చేది గాజు తీగల గుండా, కాంతి రూపంలో. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. న్యూయార్క్ మనకు సుమారు 13 వేల కిలోమీటర్లు. అంటే తిన్నగా వచ్చినా 65 మిల్లీసెకన్లు తప్పవు. నిజానికి మనం వినేది ఇంకా చాలా సెకన్ల తర్వాతే. నెట్‌లో సంగీతం ముక్కలుముక్కలుగా, ఒడిదుడుకులతో వస్తుంది. సాగర్ కాలువ నీరు హెచ్చుతగ్గులుగా వచ్చినా చెరువు నిలవబెట్టుకుని తూము గుండా సమంగా వదిలినట్టు, ఫోన్ కొన్ని సెకన్ల సంగీతాన్ని ముందే నింపుకుంటుంది. అదే బఫర్. వినేవారికి ఈ ఆలస్యంతో నష్టం లేదు. వాయించేవారికి మాత్రం 25, 30 మిల్లీసెకన్లు దాటితే లయ జారడం మొదలవుతుంది. గాలిలో శబ్దం 10 మీటర్లు పోవడానికి పట్టే సమయం అంతే. అందుకే న్యూయార్క్ బృందంతో ఇక్కడినుంచి జతగా వాయించడం కుదరదు.

అసలు నష్టం చెవి దగ్గర జరుగుతుంది. జాజ్ లయను మోసేవి రెండు: డబుల్ బేస్, డ్రమ్ముల పక్కనుండే రైడ్ సింబల్ అనే లోహపు పళ్లెం. బేస్ అడుగు తీగ 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. పై స్వరాంశాలైన 82, 123లను బట్టి మెదడు ఆ స్వరాన్ని ఊహించుకుంటుంది గానీ, దాని బరువు మాత్రం అందదు. సింబల్‌ది ఇంకో చిక్కు. సీడీలో సెకనుకు 14 లక్షల బిట్లుంటే, నెట్‌లో తరచు 1,28,000 మాత్రమే వస్తాయి. పెద్ద శబ్దం చాటున చెవికి అందని చిన్న శబ్దాలను తీసేసి ఆ మేరకు కుదిస్తారు. సింబల్ మోత చాలా పౌనఃపున్యాల్లో పరుచుకుని ఉంటుంది కనుక అందులో తీసేయదగ్గది తక్కువ. బిట్లు ఇంకా తగ్గితే ముందుగా చెడేది అదే, దెబ్బ అంచు చెదిరిపోతుంది.

కాబట్టి మంచి ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. 1,28,000 బిట్ల ధ్వనికి గంటకు 58 మెగాబైట్లు చాలు, డేటాను మింగేది బొమ్మే. మొదటిసారి వినేటప్పుడు సాక్సఫోన్‌ను కాసేపు పక్కన పెట్టి, పది నిమిషాలు బేస్ వెంటే నడవండి. తక్కినవాళ్లు దాన్ని ఎక్కడ ఆనుకుంటున్నారో, ఎక్కడ కావాలనే వెనకబడుతున్నారో తెలుస్తుంది.