బేగంపేట విమానక్షేత్రము – మాదాపూరు మీది ఆకాశము

హైదరాబాదులోని బేగంపేట విమానక్షేత్రమును 1930 దశకమున నిజాం రాజ్యపు ఏరో క్లబ్బు నెలకొల్పెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అచట సైనిక విమానచోదకులకు ప్రాథమిక శిక్షణ నిచ్చెడివారు. ఇందుకు వాడినవి టైగర్ మాత్ విమానములు. ఒకదానిపై నొకటిగా రెండు జతల రెక్కలు, ఒక్కటే ఇంజను గల తేలిక యంత్రములవి; వానికి చదునైన పచ్చిక బయలు చాలును.

1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడెను. యుద్ధములో సైనికులను మోసిన డకోటా జాతి విమానములే ఇపుడు ప్రయాణికులను మోయసాగెను. 1953లో ఈ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయెను. తరువాత జెట్టు విమానములు వచ్చెను.

టైగర్ మాత్ గంటకు సుమారు 80 కి.మీ. వేగముతో నేల తాకును. పెద్ద జెట్టు విమానమునకు 250 కి.మీ. వరకు కావలెను. వేగము మూడింతలైనచో, బ్రేకు ప్రభావము సమానమే ననుకొన్నను, ఆగుటకు పట్టు దూరము తొమ్మిదింతలగును. పైగా బేగంపేట సముద్రమట్టమునకు 530 మీటర్ల ఎత్తున నున్నది. ఎత్తున, అందును దక్కను ఎండలలో, గాలి పలుచబడును. లేచుటకు మరింత పరుగు తప్పదు. నేటి రన్‌వే పొడవు 3,200 మీటర్లకు పైమాటే.

నేల సంగతి ఇది. విమానమునకు ఆకాశము కూడ కావలెను. రన్‌వే తూర్పు పడమరలుగా నున్నది. దానిని పడమటికి పొడిగించినట్లు ఊహించినచో, ఆ రేఖ కొసనుండి సుమారు 8 కి.మీ. దూరమున మాదాపూరు, హైటెక్ సిటీల మీదుగా పోవును. దిగు విమానము సాధారణముగా 3 డిగ్రీల వాలున వచ్చును. 3 డిగ్రీల టాంజెంటు 0.052. విద్యార్థులు గుణించి చూడవచ్చును: 8,000 × 0.052 = 416 మీటర్లు. విమానము అంత ఎత్తున నుండగా మేడలకేమి భయమని తోచును. కాని మబ్బు, ఎదురుగాలి, ఇంజను వైఫల్యము లెక్కింపవలదా? అందుచే అంతర్జాతీయ ప్రమాణములు ఆ వాలుకు దిగువన మరియొక ఊహాతలమును నిర్ణయించినవి. అంత దూరమున దాని ఎత్తు రన్‌వే మట్టమునుండి 150 మీటర్లు మాత్రమే. మేడ నిలిచిన గుట్ట యెత్తు కూడ ఈ 150లో చేరును. రాతిగుట్టల మాదాపూరులో ఇది చిన్న విషయము కాదు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైననాడు బేగంపేటయే నగర విమానాశ్రయము. అప్పటికే దానిచుట్టు ఇండ్లు క్రమ్ముకొనెను. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలెను. అయినను బేగంపేట మూతపడలేదు. వైమానికదళ కేంద్రము, శిక్షణ కొనసాగుచున్నవి. ప్రముఖుల విమానములు దిగుచున్నవి. వింగ్స్ ఇండియా ప్రదర్శనయు అచటనే జరుగుచున్నది.