బడి భద్రత సూచనలు: పేట పిల్లల తల్లిదండ్రులు తిరిగి అడగాల్సిన ప్రశ్నలు

వేసవి సెలవులు ముగిసి జూన్‌లో బడులు తెరిచే వారంలో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులకు కొన్ని సూచనలు వస్తాయి. పిల్లలను మీరే బడి దగ్గర దించండి. ఇంటి నుంచి మంచినీళ్ల సీసా పంపండి. వాన గట్టిగా ఉంటే బయటికి పంపకండి. మీ ఫోన్ నంబరు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. సమావేశాలకు తప్పక రండి.

ఇందులో చెడ్డ సలహా ఒక్కటీ లేదు. అయితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దళిత పేటల నుంచి బడికి వెళ్లే పిల్లల ఇళ్లలో ఇవి ఎలా అమలవుతాయో చూడాలి. ఉపాధి హామీ పనికి తెల్లవారకముందే బయలుదేరిన తల్లి పాపను బడి దగ్గర ఎలా దించుతుంది? తండ్రి హైదరాబాద్‌లోనో విశాఖలోనో భవన నిర్మాణ పనిలో ఉంటే, ఇంట్లో నాయనమ్మ ఒక్కతే ఉంటే, సమావేశానికి ఎవరు వస్తారు? ఒక్క ఫోను ఉన్న ఇంట్లో ఆ ఫోను వలస వెళ్లినవారి జేబులోనే ఉంటుంది.

మేము ఈ వ్యాసంలో చెప్పదలచింది ఒకటే. తల్లిదండ్రులకు వచ్చే ప్రతి సూచన వెనుక, చట్టం ప్రభుత్వం మీదా బడి మీదా పెట్టిన ఒక బాధ్యత ఉంది. సూచన మన దాకా వస్తోంది గానీ బాధ్యత సంగతి రావడం లేదు. అందుకే ఆ సూచనలను ఒక్కొక్కటిగా తీసుకుని, వాటి వెనుక ఉన్న హక్కును వివరిస్తున్నాం. పేటల్లో పనిచేసే కార్యకర్తలూ విద్యార్థులూ వీటిని తల్లిదండ్రుల సమావేశాల్లో వాడుకోవచ్చు.

బడి దారి

"మీరే దించండి" అనే మాట వెనుక ఉన్న అసలు ప్రశ్న దూరం. 2009 నాటి విద్యా హక్కు చట్టం నివాసానికి దగ్గరలో బడి ఉండాలంటుంది. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం 1 నుంచి 5 తరగతుల పిల్లలకు 1 కిలోమీటరు లోపు, 6 నుంచి 8 తరగతుల పిల్లలకు 3 కిలోమీటర్ల లోపు బడి ఉండాలి.

2022 జూన్‌లో వచ్చిన జీఓ 117 కింద చాలా చోట్ల 3, 4, 5 తరగతులను ప్రాథమిక పాఠశాలల నుంచి తీసి ఉన్నత పాఠశాలలకు కలిపారు. ఎనిమిదేళ్ల పిల్లలు పేటలో బడి వదిలి పెద్ద ఊరి బడికి నడవాల్సి వచ్చింది. 2025 మేలో ప్రభుత్వం ఆ జీఓను పక్కనపెట్టి కొత్త ఉత్తర్వులు ఇచ్చింది. ఇప్పుడు తరగతికో ఉపాధ్యాయుడు ఉండేలా ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు పెడుతున్నారు. ఒకే టీచరు అయిదు తరగతులకూ చెప్పే బడి కంటే అది మేలే. పేట పిల్లలు మాత్రమే చదివే బడి కంటే అన్ని కులాల పిల్లలూ కలిసి చదివే బడి కావాలన్నది మన ఉద్యమం ఎప్పటి నుంచో కోరుతున్నదే. కాబట్టి విలీనం మొత్తాన్నీ వ్యతిరేకించాల్సిన పని లేదు. ఆ బడికి పిల్ల క్షేమంగా చేరుతుందా, చేరాక సమానంగా కూర్చుంటుందా అన్నదే అడగాలి.

1 కిలోమీటరు అన్న లెక్క కాగితం మీద సరిపోవచ్చు. కానీ ఆ కిలోమీటరులో ఏముంది? శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా, విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పోతుంది. దాని పక్కనే ఎన్నో పేటలున్నాయి. లోపలి మండలాల్లో దారికి అడ్డంగా గెడ్డలుంటాయి. ఎండాకాలం మోకాలు లోతు లేని గెడ్డ జూలై, ఆగస్టు నెలల్లో పిల్లలను లాక్కుపోతుంది.

దీనికి జవాబు నిబంధనల్లోనే ఉంది. విద్యా హక్కు చట్టం కింద 2010లో కేంద్రం తెచ్చిన నిబంధనలు, వరదలు, కొండచరియలు, రోడ్డు లేకపోవడం వంటి ప్రమాదాలు దారిలో ఉన్నచోట దూర పరిమితిని తగ్గించి బడి పెట్టాలంటాయి. బడి పెట్టే వీలు లేని చిన్న పల్లెల పిల్లలకు ఉచిత రవాణా కల్పించాలంటాయి. సమగ్ర శిక్షా పథకం కింద దూరం నుంచి వచ్చే ఒక్కో విద్యార్థికి ఏడాదికి 6,000 రూపాయల వరకు రవాణా భత్యం ఇచ్చే వీలుంది. ఈ భత్యం సంగతి తెలియక అడగని కుటుంబాలే ఎక్కువ.

అవే నిబంధనల్లో ఇంకో మాట ఉంది: సామాజిక, సాంస్కృతిక కారణాలు పిల్లలను బడికి రానీయకుండా అడ్డుపడకూడదు. అంటే దారి అన్నది రోడ్డుకే పరిమితం కాదు. పెద్ద కులాల వీధి మీదుగా వెళ్లే దళిత పిల్లను ఆపినా, తిట్టినా అది కూడా దారి భద్రత సమస్యే. ఈ ప్రాంతంలో ఆ సమస్య ఎంత దూరం పోగలదో మనకు తెలుసు. 2012 జూన్ 12న, అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలో, ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉన్న వంగర మండలం లక్ష్మీపేటలో మడ్డువలస జలాశయం భూముల వివాదంలో ఐదుగురు దళితులను చంపారు. ఊళ్లో భూమి గొడవో గుడి గొడవో వచ్చినప్పుడు ముందు ఆగిపోయేది పేట పిల్లల చదువే. అలాంటి సమయంలో "పిల్లలను ఇంట్లో ఉంచుకోండి" అనడం పరిష్కారం కాదు. దారికి రక్షణ కల్పించమని మండల విద్యాశాఖాధికారినీ, పోలీసులనూ రాతపూర్వకంగా అడగాలి. దళితులు విద్యాసంస్థలో ప్రవేశించకుండా అడ్డుకోవడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణ దీన్ని స్పష్టంగా చేర్చింది.

నీళ్లు, భోజనం, మరుగుదొడ్డి

"మంచినీళ్ల సీసా పంపండి" అనే సూచన ఆరోగ్యం కోసమే అనుకుందాం. కానీ ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకునే అలవాటు, బడి కుళాయి దగ్గర ఎవరు ముందు తాగాలి అనే వివక్షను కంటికి కనబడకుండా చేస్తుంది. 2022లో రాజస్థాన్‌లోని జాలోర్ జిల్లాలో తొమ్మిదేళ్ల దళిత బాలుడు టీచరు కొట్టిన దెబ్బల తర్వాత చనిపోయాడు. నీళ్ల కుండ ముట్టుకున్నందుకే కొట్టారని కుటుంబం ఆరోపించింది. నూరేళ్ల కిందట బడిలో కుళాయి ముట్టుకోనివ్వని అనుభవాన్ని అంబేద్కర్ రాసిపెట్టారు. నీళ్ల ప్రశ్న పాతబడలేదు.

2010 నిబంధనల్లో ప్రతి కార్యకర్తా గుర్తుపెట్టుకోవాల్సిన వాక్యం ఒకటుంది. దాని సారాంశం ఇది: బలహీన, అననుకూల వర్గాల పిల్లలను తరగతి గదిలో, మధ్యాహ్న భోజనంలో, ఆటస్థలంలో, తాగునీటి దగ్గర, మరుగుదొడ్ల వాడకంలో, మరుగుదొడ్లూ గదులూ శుభ్రం చేయించడంలో వేరు చేయకూడదు, వివక్ష చూపకూడదు. బడిలో కులం కనబడే ఆరు చోట్లనూ చట్టమే లెక్కపెట్టి చెప్పింది. పేరెంట్స్ సమావేశంలో ఈ ఆరింటినీ వరుసగా అడిగితే చాలు, బడి పరిస్థితి తెలిసిపోతుంది.

మధ్యాహ్న భోజనం విషయంలో రెండు భద్రతలున్నాయి. ఒకటి ఆహారానిది. 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. పిల్లలకు పెట్టేముందు ఉపాధ్యాయులు అన్నం రుచి చూడాలన్న నియమం అందుకే అంత ముఖ్యం. తిన్నట్టు రిజిస్టర్‌లో సంతకం ఉందా అని తల్లిదండ్రులు చూడవచ్చు. ఏదైనా కారణంతో భోజనం పెట్టని రోజుకు ఆహార భద్రత భత్యం ఇవ్వాలని 2015 మధ్యాహ్న భోజన నిబంధనలు చెబుతున్నాయి.

రెండోది గౌరవానిది. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. దళిత స్త్రీ వండితే తినమని పిల్లలను మాన్పించే ఊళ్లు దేశంలో ఇంకా ఉన్నాయి. అలాంటప్పుడు వంటమనిషిని మార్చి గొడవ సద్దుమణిగిందనుకోవడం వివక్షకు లొంగడమే. మన రాష్ట్రంలో ఇప్పుడు ఈ పథకం డొక్కా సీతమ్మ పేరు మీద నడుస్తోంది. ఆకలితో వచ్చిన వారందరికీ అన్నం పెట్టిన తల్లిగా ఆమెకు పేరు. ఆ పేరు పెట్టిన చోట వడ్డనలో వరుసలు వేరుగా ఉండకూడదు.

మరుగుదొడ్ల సంగతి ఉత్తరాంధ్రలో ప్రత్యేకంగా మాట్లాడాలి. ఇక్కడి పట్టణాల్లో పారిశుద్ధ్య పనిని తరాలుగా రెల్లి కులస్తుల నెత్తిన పెట్టారు. రెల్లి వీధి నుంచి వచ్చిన పిల్లవాడికి చీపురు ఇవ్వడం ఒక టీచరుకు మామూలుగా తోచవచ్చు. ఆ పిల్లవాడికి మాత్రం అది తన కులం పని అని అందరి ముందూ చెప్పినట్టే. తల్లికి వందనం పథకంలో ఒక్కో విద్యార్థికి ప్రకటించిన 15,000 రూపాయల్లో 2,000 రూపాయలు బడి, మరుగుదొడ్ల నిర్వహణకే మినహాయిస్తున్నారు. అంటే శుభ్రం చేయించే ఖర్చు ప్రతి తల్లి ఖాతా నుంచీ ముందే పోయింది. పిల్లల చేత ఎందుకు చేయిస్తున్నారని అడిగే హక్కు ఆమెకుంది.

దెబ్బలు, తిట్లు, అంతకంటే పెద్ద హాని

"క్రమశిక్షణకు సహకరించండి" అన్నది మరో సూచన. "రెండు తగిలించండి మాస్టారూ, మాటింటాడు" అని మన తల్లిదండ్రులే అనడం మనకు తెలియనిది కాదు. కానీ విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. తల్లి అనుమతి ఇచ్చినా ఆ నిషేధం పోదు. తీవ్రంగా హింసిస్తే 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ వర్తిస్తుంది.

నలుగురి ఎదుట కులం పేరుతో దూషించడం, ఉద్దేశపూర్వకంగా అవమానించడం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరాలు. ఈ చట్టం కింద ఎఫ్ఐఆర్ రాయడానికి ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెబుతోంది. "ముందు కనుక్కుని చెబుతాం" అని పంపేస్తే ఆ సెక్షన్ 18ఏ అని గుర్తుచేయండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి.

లైంగిక హింస విషయంలో పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. బడి పరువు పోతుందని హెడ్మాస్టరు దాచిపెడితే అదే ఒక నేరం. ఊరి పెద్దల మధ్య రాజీకి ఇందులో చోటు లేదు.

పిల్ల భయపడి బడి మానేస్తే ముందు చేయాల్సినవి మూడు. దెబ్బలుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి కాగితం తీసుకోవాలి. పిల్ల చెప్పింది పిల్ల మాటల్లోనే, తేదీతో రాసిపెట్టుకోవాలి. ఫిర్యాదు రెండు ప్రతులు చేసి ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకోవాలి. పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112, ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాలకు 14566 నంబర్లు ఉచితం.

తుపాను రోజులు

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ, 2021 సెప్టెంబర్‌లో గులాబ్. ఈ తీరం మీద పిల్లల చదువు మొదటి ఆరు నెలలూ వానతోనూ గాలితోనూ ముడిపడి ఉంటుంది. సెలవు ప్రకటన ఫోనులో వస్తుంది. ఫోను లేని ఇంటికి ఆ కబురు ఎవరు చేరవేస్తారో బడి తెరిచిన వారంలోనే తేల్చుకోవాలి. పేటకు ఒకరిని బాధ్యులుగా పెట్టమని అడగవచ్చు. తుపానులో బడే పునరావాస కేంద్రమవుతుంది. అక్కడ దళిత కుటుంబాలకు వేరే గది, వేరే వరుస పెట్టడం కూడా వివక్షే. గాలివాన తర్వాత బడి తెరిచేముందు గోడలు, పైకప్పు, కరెంటు తీగలు ఇంజినీరు చూశారా అని అడగాలి. 2009లో అవినాశ్ మెహ్రోత్రా కేసులో సుప్రీంకోర్టు, చదువుకునే హక్కులో సురక్షితమైన బడి కూడా భాగమేనని చెప్పింది.

కమిటీలో ఎవరున్నారు?

వీటన్నిటినీ అడిగే చోటు పాఠశాల యాజమాన్య కమిటీ. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. అననుకూల వర్గాలకు వారి పిల్లల సంఖ్యకు తగ్గట్టు స్థానం ఉండాలి. పేట నుంచి ఒక తల్లి పేరు కమిటీలో ఉండి, ఆమెకు తెలియకుండానే తీర్మానాల మీద వేలిముద్రలు పడితే ఆ స్థానం ఉన్నా లేనట్టే. వలస వెళ్లిన తల్లిదండ్రుల బదులు పిల్లలను చూసుకునే నాయనమ్మ, అమ్మమ్మలు కూడా సంరక్షకులే. సమావేశం వేళ కూలి పని ముగిశాక, సాయంత్రం పెట్టమని అడగండి. ఫిర్యాదు కమిటీలో తేలకపోతే స్థానిక సంస్థకు రాయవచ్చు. 32వ సెక్షన్ ప్రకారం అది మూడు నెలల్లో తేల్చాలి. ఆపైన రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ ఉంది.

వచ్చే సమావేశానికి ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లండి:

- పేట నుంచి బడికి దారిలో హైవే, గెడ్డ ఉన్నాయా? రవాణా భత్యం ఎంతమందికి వస్తోంది?
- కుళాయి, భోజనం వరుస, బెంచీలు, ఆట అందరికీ ఒకటేనా?
- మరుగుదొడ్లు ఎవరు కడుగుతున్నారు? నిర్వహణ డబ్బు ఎంత వచ్చింది?
- భోజనం రుచి చూసిన రిజిస్టర్ ఎక్కడుంది?
- కమిటీలో పేట సభ్యులెవరు? కిందటి తీర్మానం వాళ్లకు చదివి వినిపించారా?
- తుపాను సెలవు కబురు ఫోను లేని ఇంటికి ఎవరు చెబుతారు?

జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించి, ఫోటో తీసుకోండి. మరుసటి సమావేశంలో అక్కడి నుంచే మొదలుపెట్టండి.