వంటింటి గాలికి రెండు దారులు

చిమ్నీ కొందామని దుకాణానికి వెళ్తే ముందు కళ్లబడేది ఒక అంకె. గంటకు 1200 ఘనపు మీటర్లు, 1400 ఘనపు మీటర్లు అంటూ పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ ధరా పెరుగుతుంది. తీరా ఇంట్లో బిగించాక ఎండుమిర్చి పోపు పెడితే హాల్లో కూర్చున్నవాళ్లు దగ్గుతూనే ఉంటారు. చాలా ఇళ్లలో లోపం యంత్రంలో ఉండదు. గాలి ఎటునుంచి లోపలికి రావాలి, ఏ దారిన బయటికి పోవాలి అన్నది ఇల్లు కట్టేటప్పుడు ఎవరూ ఆలోచించకపోవడంలో ఉంటుంది.

చిన్న లెక్క వేసుకుంటే సంగతి తెలుస్తుంది. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న వంటింట్లో పట్టే గాలి 800 ఘనపుటడుగులు. అంటే సుమారు 23 ఘనపు మీటర్లు. వంట సాగుతున్నప్పుడు ఆ గాలి గంటకు 10 నుంచి 15 సార్లు మారాలన్నది వాడుకలో ఉన్న కొలత. 15 సార్లు మారాలన్నా 345 ఘనపు మీటర్లు చాలు. మన ఇళ్లలో వేపుళ్లూ పోపులూ ఎక్కువ కాబట్టి దాన్ని రెట్టింపు చేసినా 700 దాటదు.

మరి 1200 చిమ్నీ ఎందుకు చాలడం లేదు? డబ్బా మీద రాసే అంకె సాధారణంగా అడ్డేమీ లేనప్పుడు మోటారు లాగగల గాలిది. దానికి గొట్టం తగిలించి, అటకల చుట్టూ రెండుమూడు వంపులు తిప్పితే ఆ బలం బాగా తగ్గిపోతుంది. గోడకు పెద్ద కన్నం ఎందుకులే అని 6 అంగుళాల గొట్టం పెట్టాల్సిన చోట 4 అంగుళాల పైపు దూర్చేవాళ్లున్నారు. వినడానికి తేడా రెండంగుళాలే. గాలి పోయే వైశాల్యం మాత్రం సగానికంటే తక్కువకు పడిపోతుంది. మోటారు గోల పెరుగుతుంది, పొగ కదలదు. ముడతలుండే అల్యూమినియం గొట్టాన్ని పూర్తిగా సాగదీయకుండా బిగించినా ఇదే ఇబ్బంది. పొయ్యికి వెనక ఉన్నది బయటి గోడే అయితే అంతకన్నా అదృష్టం లేదు. గొట్టం రెండు మూడడుగుల్లో, ఒక్క వంపుతో బయటపడుతుంది. అందుకే పొయ్యి ఎక్కడ పెట్టాలన్నది ప్లాను గీసేటప్పుడే తేల్చుకోవాలి. వాస్తు ప్రకారం ఆగ్నేయంలో వంటిల్లు కట్టే ఇళ్లలో ఇది తేలికే. ఆ మూలకు బయటి గోడలు రెండుంటాయి.

పొగను లాగడం కంటే ముందు పట్టుకోవాలి. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు ఇళ్లలో వాడే చిమ్నీలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని సందర్భాల్లో పొయ్యి మీది కాలుష్యంలో 15 శాతం కూడా చిమ్నీకి చిక్కలేదు. మరికొన్నింటిలో 98 శాతానికి పైగా చిక్కింది. చిమ్నీ ఆకారం, గాలి వేగం, ఏ బర్నర్ మీద వండుతున్నారన్నది ఈ తేడాకు కారణాలు. గోడవైపున్న వెనక బర్నర్ల పొగ ముందువాటి పొగ కంటే బాగా పైకి చేరింది. నాలుగు బర్నర్ల పొయ్యి ఉన్నవాళ్లు గారెల మూకుడు వెనక పెట్టుకోవడం మేలన్నమాట. చిమ్నీ వెడల్పు పొయ్యికి తగ్గకూడదు. రెండు మూడు బర్నర్లకు 60 సెంటీమీటర్లు, అంతకంటే పెద్దవాటికి 90 సెంటీమీటర్లు తీసుకుంటారు. పొయ్యికీ చిమ్నీకీ మధ్య 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. తల తగులుతోందని ఇంకా పైకి జరిపితే పొగ పక్కలకు జారిపోతుంది. వంటింట్లో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే నిట్టనిలువుగా లేవాల్సిన పొగ చెల్లాచెదురై చిమ్నీకి అందదు.

ఇక అందరూ మరిచిపోయే రెండో దారి. గంటకు 700 ఘనపు మీటర్ల గాలి బయటికి పోవాలంటే అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి. ఏసీ కోసం కిటికీలన్నీ బిగించిన అపార్ట్‌మెంట్లో ఆ గాలి రాదు. తలుపు సందుల్లోంచి, బాత్‌రూమ్ వైపు నుంచి అరకొరగా వస్తుంది, చిమ్నీ వట్టి చప్పుడే చేస్తుంది. వంటింటి తలుపు కింద సందు ఉంచినా, పొయ్యికి దూరంగా ఉన్న కిటికీ ఓరగా తెరిచినా చాలు. దూరంగా అన్న మాట ముఖ్యం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పక్కనే కిటికీ తెరిస్తే అక్కడి గాలే వచ్చి అక్కడే పోతుంది, పొగ ఉన్నచోటే ఉంటుంది. ఫ్యాన్ పొయ్యికి దగ్గరగా, పైకప్పుకు ఓ అడుగు కింద ఉండాలి. గాలి వచ్చే తోవ దానికి ఎదురు మూలన ఉండాలి.

జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 దీన్ని ఎప్పుడో గుర్తించింది. వంటింటికి కనీసం ఒక చదరపు మీటరు కిటికీ ఉండాలని, అది ఆరుబయటకే తెరుచుకోవాలని, షాఫ్ట్‌లోకి తెరవకూడదని చెప్పింది. ఫ్లాటు చూడబోయిన కుటుంబం టైల్స్, గ్రానైట్ గట్టు చూసి మురిసిపోయే ముందు ఆ కిటికీ తెరిచి బయట ఏముందో చూడాలి. ఇరుకు షాఫ్ట్ కనిపిస్తే బిల్డర్‌ని గట్టిగా అడగాలి. కింది అంతస్తుల పొగంతా పై ఇంటికి చేరేది ఆ దారినే.

వంటింటి పొగ మీద మన నేలపై పని జరగలేదనుకోనక్కర్లేదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో పనిచేసిన ఎస్.పి.రాజు పేద ఇళ్ల కోసం పొగగొట్టంతో మట్టి పొయ్యి రూపొందించారు. కోట్లమందికి పొగలేని వంటిళ్లు కావాలంటూ 1953లో పుస్తకం కూడా వెలువరించారు. ఖరీదైన యంత్రమేదీ లేకుండా, వేడిగాలి తనంతట తాను పైకి లేచే గుణాన్నే వాడుకునే ఆలోచన అది. ఇవాళ చిమ్నీ ధరల గురించి జరిగే చర్చలో సగమైనా ఆ గుణం గురించి జరిగితే బాగుండు.

గ్యాస్ వచ్చాక పొగ పోయిందనుకోవడం సగమే నిజం. గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, కంటికి కనిపించదు. బాగా కాగిన నూనె నుంచి అతిసన్నటి రేణువులు లేస్తాయి. నూనెను ఎక్కువ వేడి మీద వేయించేటప్పుడు వచ్చే ఆవిర్లను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బహుశా క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. గొట్టం లేని చిమ్నీల్లోని బొగ్గు ఫిల్టర్ వాసనను కొంత పీలుస్తుంది. వేడినీ, ఆవిరినీ, కార్బన్ మోనాక్సైడ్‌నూ మాత్రం మళ్లీ ఇంట్లోకే వదులుతుంది.

లీకైన గ్యాస్ సంగతి వేరు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కాబట్టి నేలమీద పరుచుకుంటుంది. పైనున్న ఫ్యాన్ దాన్ని లాగదు సరికదా, స్విచ్ వేస్తే లేచే నిప్పురవ్వే ప్రాణం తీయొచ్చు. వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. సిలిండర్ ఉండే చోట నేలకు ఆనుకుని గాలి కన్నం ఉండాలని మేస్త్రీకి ముందే చెప్పాలి.

అద్దె ఇంట్లో గోడ పగలగొట్టే వీలుండదు. అక్కడ ఒక అగరుబత్తి వెలిగించి పొయ్యి అంచున పట్టుకుంటే పొగ ఎటు పోతోందో కనిపిస్తుంది. ఇంట్లోకి మళ్లుతుంటే ఏ తలుపు మూయాలో, ఏ కిటికీ తెరవాలో మార్చి చూడొచ్చు. పొయ్యి వెలిగించడానికి కాస్త ముందే ఫ్యాన్ వేసి, ఆర్పాక పది నిమిషాలు తిరగనివ్వాలి. ఫిల్టర్‌కు జిడ్డు పట్టకుండా వేడినీళ్లు, సోడాతో తరచూ కడగాలి. వేపుళ్లు రోజూ చేసే ఇంట్లో ఆ పని రెండు వారాలకోసారైనా తప్పదు.