వేయని షాట్ల లెక్క

కబడ్డీలో పట్టు బాగా తెలిసినవాడు ఒక మూల కాపు కాస్తుంటే కూతకొచ్చినవాడు ఆ మూలకు పోవడానికే జంకుతాడు. ఆ ఆటగాడు ఎవరినీ పట్టకపోయినా సగం కోర్టు అతని అదుపులోనే ఉంటుంది. స్కోరుబోర్డు మీద మాత్రం ఆ సంగతి ఎక్కడా కనబడదు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టుకు ఆడుతున్న ఫ్రెంచ్ యువకుడు విక్టర్ వెంబన్యామా ఎంతవాడవుతాడన్న చర్చ ఇప్పుడు జోరుగా సాగుతోంది. అందులో తొంభై పాళ్ళు అతను వేసే పాయింట్ల గురించే. అతని సత్తా కొలవాలంటే ప్రత్యర్థులు అతన్ని చూసి వేయకుండా మానుకున్న షాట్ల వైపు చూడాలి. ఆ సత్తాకు హద్దు గీసేది కూడా నైపుణ్యం కాదు, అతను ఎన్ని రోజులు కోర్టులో నిలబడగలడన్నదే.

బాస్కెట్‌బాల్‌లో సెంటర్ అంటే సాధారణంగా జట్టులో అందరికన్నా పొడగరి. బాస్కెట్ దగ్గర కాపలా, రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతిని (రీబౌండ్) అందుకోవడం అతని పని. రింగు నేలకు సరిగ్గా 10 అడుగుల ఎత్తున ఉంటుంది. సెంటర్‌గా ఆడే వెంబన్యామా ఎత్తు ఏడడుగుల నాలుగంగుళాలకు అటూ ఇటూ. బారలు చాస్తే ఈ చేతి కొస నుంచి ఆ చేతి కొసకు 8 అడుగులు. నిలబడి చెయ్యెత్తితే రింగుకు జానెడు దూరం కూడా మిగలదు. 2004 జనవరిలో పారిస్ శివార్లలో పుట్టాడు. కాంగో మూలాలున్న తండ్రి ట్రిపుల్ జంప్ క్రీడాకారుడు, తల్లి బాస్కెట్‌బాల్ శిక్షకురాలు. 2023 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే ఏటేటి పద్ధతిలో, స్పర్స్ అతన్ని మొట్టమొదట ఎంచుకుంది. తొలి సీజన్‌లో 71 మ్యాచ్‌లు ఆడి సగటున 21.4 పాయింట్లు, 10.6 రీబౌండ్లు సాధించాడు. కొత్త ఆటగాడికి ఇవి మంచి అంకెలే, కానీ ఇలాంటివి ఇంతకుముందూ ఉన్నాయి. లేనిది ఇంకొకటి: ప్రత్యర్థి షాట్‌ను గాలిలోనే అడ్డుకునే బ్లాక్‌లలో మ్యాచ్‌కు 3.6 సగటుతో లీగ్ మొత్తానికి మొదటివాడయ్యాడు. ఆ ఏటి అత్యుత్తమ డిఫెన్స్ ఆటగాళ్ళ మొదటి జట్టులో చోటు దక్కింది. తొలి ఏడాదిలోనే ఆ మొదటి జట్టుకు ఎంపికైనవాడు ఎన్‌బీఏ చరిత్రలో అంతకుముందు ఒక్కడూ లేడు.

బ్లాక్ అయితే లెక్కకు వస్తుంది. అడ్డుకున్న ప్రతి షాట్ వెనుకా బాస్కెట్ దాకా దూసుకొచ్చి, ఆ పొడుగు చేతిని చూసి బంతిని మరొకరికి విసిరేసి వెనుదిరిగిన ఆటగాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళు తేలికైన షాట్ వదులుకుని కష్టమైనది ఎంచుకుంటారు. పాయింట్ల వేటలో ఒక ఆటగాడి ఫామ్ ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు. ఎదుటివాడి మనసులో పుట్టే ఈ జంకు మాత్రం, అతనికి ఒక్క బంతీ పడని రోజున కూడా పనిచేస్తూనే ఉంటుంది. అందుకే అతని భవిష్యత్తుకు డిఫెన్స్‌ను పునాదిగానూ, పాయింట్లను పై అంతస్తుగానూ చూడాలంటాను.

పొడగరుల కాలం చెల్లిపోయిందనే వాదన ఒకటుంది. దానికి చరిత్రలో బలమైన ఆధారాలే ఉన్నాయి. జార్జ్ మైకన్ అనే సెంటర్ ఆధిక్యం భరించలేక 1951లో బాస్కెట్ కింది గీతల మధ్య వెడల్పును 6 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచారు. విల్ట్ చాంబర్లేన్ రోజుల్లో, 1964లో, దాన్నే 16 అడుగులు చేశారు. ప్రపంచంలో పొడగరుల మీద కక్షగట్టినట్టు నియమాలు రాసుకున్న ఆట బహుశా ఇదొక్కటే. 1979లో వచ్చిన మూడు పాయింట్ల గీత మెల్లగా ఆటనే బాస్కెట్ నుంచి దూరంగా లాగేసింది. 2015 ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ జట్టు తన సెంటర్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి పొట్టి జట్టుతో కప్పు కొట్టేసరికి ఇక ఆ పాత్ర ముగిసిందనుకున్నారు చాలామంది. నిజానికి ముగిసింది బాస్కెట్ కిందే నిలబడిపోయే సెంటర్ కథ. వెంబన్యామా రెండో సీజన్‌లో మ్యాచ్‌కు మూడుకు పైగా మూడు పాయింట్ల షాట్లు వేశాడు. పొడగరిని బయటికి లాగడానికి గీసిన గీత దగ్గర నిలబడే అతను పాయింట్లు చేస్తున్నాడు. అలాంటివాడిని కట్టడి చేయడానికి ఏ గీత గీయాలి?

ఇక్కడే కొందరు పాతకాలపు అభిమానులు ఇంకో అభ్యంతరం లేవదీస్తారు: అంత ఎత్తు పెట్టుకుని దూరం నుంచి విసరడమేమిటి, బాస్కెట్ కిందికి పోయి వేయరాదా అని. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. దూరపు షాట్లు తప్పిన రోజున చూడ్డానికి అతని ఆట చికాకుగానే ఉంటుంది. కానీ బాస్కెట్ కింద జరిగేది భుజాల కుమ్ములాట. అతనిది తాటిచెట్టు ఎత్తే కానీ తాటిమాను దళసరి కాదు. ఆ సన్నటి ఒళ్ళు ఏటా 82 మ్యాచ్‌లు ఆ కుమ్ములాట భరించాలని కోరడం, దాని ఆయుష్షును చేజేతులా తగ్గించడమే.

అసలైన, బరువైన అభ్యంతరం ఇదే: ఇంత పొడవు ఒళ్ళు నిలుస్తుందా? బిల్ వాల్టన్ అనే సెంటర్ 1977లో పోర్ట్‌లండ్ జట్టుకు కప్పు గెలిపించి, మరుసటి ఏడాది లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. పాదాల గాయాల వల్ల మొత్తం కెరీర్‌లో ఆడగలిగింది 468 మ్యాచ్‌లే. ఏడడుగుల ఆరంగుళాల యావో మింగ్ ముప్పై ఏళ్ళకే ఆట మానుకోవాల్సి వచ్చింది. 2007 డ్రాఫ్ట్‌లో తొలి ఎంపికైన గ్రెగ్ ఓడెన్ ఆట 105 మ్యాచ్‌లతో ముగిసింది. వెంబన్యామాకూ దెబ్బ తగిలింది, అయితే మొదటి పెద్ద దెబ్బ కాళ్ళకు కాదు. 2025 ఫిబ్రవరిలో కుడి భుజంలో రక్తం గడ్డకట్టిందని తేలి రెండో సీజన్ 46 మ్యాచ్‌లతో ఆగిపోయింది. ప్రధాన అవార్డులకు కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలన్న నియమం ఉండటంతో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి బహుమతి పోటీలోనే లేకుండా పోయాడు. వైద్యులు ఆడవచ్చన్నాక, అదే ఏడాది అక్టోబరులో కొత్త సీజన్ తొలి మ్యాచ్‌లో డల్లాస్ మీద 40 పాయింట్లు, 15 రీబౌండ్లు సాధించాడు. నవంబరులో పిక్క కండరం పట్టేసి మళ్ళీ కొన్నాళ్ళు పక్కన కూర్చున్నాడు. కనుక ఈ భయాన్ని కొట్టిపారేయలేం. అయితే పొడవు ఒక్కటే ఆటగాణ్ణి కూల్చదు. ఏడడుగుల రెండంగుళాల కరీమ్ అబ్దుల్ జబ్బార్ 20 సీజన్లు ఆడాడు. స్పర్స్‌కే చెందిన టిమ్ డంకన్ 19 సీజన్లు నిలిచాడు. అతని చివరి ఏళ్ళలో స్పర్స్ అతన్ని కావాలనే కొన్ని మ్యాచ్‌లకు దూరంగా కూర్చోబెట్టేది, అందుకు విమర్శలూ పడింది. వెంబన్యామా తొలి సీజన్‌లోనూ సగటున మ్యాచ్‌కు 30 నిమిషాలు దాటనివ్వలేదు. టికెట్ కొన్నవాళ్ళకు అది కోపం తెప్పించవచ్చు, కానీ నా దృష్టిలో అదే సరైన పద్ధతి.

ఇంతటివాడు ఉండి తొలి ఏడాది స్పర్స్ 22 గెలిచి 60 ఓడిందేమంటారా? అప్పుడు అతని చుట్టూ బంతిని నడిపించే అనుభవజ్ఞుడు లేడు. మరుసటి ఏడాది 34 గెలిచింది, చివరి రెండు నెలలు అతను లేకుండానే. ఇప్పుడు డియారన్ ఫాక్స్, స్టెఫాన్ కాజిల్ లాంటి, బంతిని నడిపించే గార్డులు పక్కన ఉన్నారు.

2025 వేసవిలో వెంబన్యామా మెళకువలు నేర్చుకోవడానికి హకీమ్ ఒలాజువాన్ దగ్గరికి వెళ్ళాడు. 1973లో బ్లాక్‌లు లెక్కించడం మొదలుపెట్టినప్పటి నుంచి 3,830తో ఒలాజువాన్‌దే రికార్డు, సగటున మ్యాచ్‌కు మూడు పైచిలుకు. శిష్యుడి సగటు తొలి రెండు సీజన్లలో అంతకన్నా ఎక్కువే, మూడున్నర దాటింది. గురువు ఆడిన మ్యాచ్‌లు 1,238. శిష్యుడు ఆ రెండు సీజన్లలో ఆడినవి 117.