పోటు వచ్చేలోగా తోకలు లెక్కపెట్టాలి

ఇంగ్లండ్ ఈశాన్య తీరాన ఒక దీవి ఉంది. దానికి వెళ్లే రోడ్డు రోజుకు రెండుసార్లు సముద్రంలో మునుగుతుంది. పాతికమంది మనుషులు, డజను కుక్కలు ఒకే కోచ్‌లో పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరాలంటే ఏమేం చూసుకోవాలి?

గోదావరి లంకలకు వెళ్లేవాళ్లకు రేవులో పంటు కోసం ఎదురుచూడటం కొత్త కాదు. ఈ పంటు తప్పిపోతే ఇంకో పంటు వస్తుంది. లిండిస్‌ఫార్న్ దగ్గర పంటు లేదు, పడవవాడూ లేడు. ఉన్నది తారు రోడ్డు. కొన్ని గంటలు దాని మీద కార్లు, కోచ్‌లు, సైకిళ్లు తిరుగుతాయి. తర్వాత నీళ్లు రెండు పక్కల నుంచీ మెల్లగా ఎక్కి రోడ్డును కప్పేస్తాయి. దాటేవాళ్లు దాటినట్టు, ఉండిపోయినవాళ్లు ఉండిపోయినట్టు.

నార్తంబర్లాండ్ తీరానికి దగ్గర్లోని ఈ దీవిని హోలీ ఐలండ్ అని కూడా పిలుస్తారు. నూటయాభై మందికి కాస్త అటూ ఇటూ జనాభా. ఏటా వచ్చి పోయేవాళ్లు మాత్రం లక్షల్లో ఉంటారు. క్రీ.శ. 635లో ఐడన్ అనే సన్యాసి ఇక్కడ మఠం నెలకొల్పాడు. 793లో వైకింగులు దానిపై దాడి చేశారు. ఎనిమిదో శతాబ్దపు తొలి ఏళ్లలో ఇక్కడ తయారైన రంగురంగుల సువార్త గ్రంథం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఇంత చరిత్ర ఉన్న చోటికి జనం రావడంలో వింత లేదు. ఆ జనంలో చాలామంది తమ కుక్కలను కూడా తెచ్చుకుంటారు.

సొంత కారులో వచ్చేవాళ్లకు ఇదేమంత కష్టం కాదు. కారు లేనివాళ్లు, వయసు మీదపడి దూరాలు నడపలేనివాళ్లు, కుక్కే తోడుగా ఒంటరిగా ఉంటున్నవాళ్లు ఏం చేయాలి? బ్రిటన్‌లో నేషనల్ ఎక్స్‌ప్రెస్ వంటి దూరప్రాంత కోచ్‌లు సహాయక శునకాలను తప్ప మామూలు పెంపుడు కుక్కలను ఎక్కించుకోవు. అంధులకు, వికలాంగులకు తోడుండే కుక్కలకు 2010 నాటి ఈక్వాలిటీ చట్టం అండగా ఉంది. ఇంటి కుక్కకు అలాంటి రక్షణ లేదు. అందుకే నలుగురూ కలిసి కోచ్‌ను అద్దెకు మాట్లాడుకోవడం ఒక దారి. ఆ దారి సాఫీగా సాగాలంటే లెక్కలు ముందే తేలాలి.

లెక్క వెనక నుంచి మొదలు

మామూలు విహారయాత్రకు 'పొద్దున ఎన్నింటికి బయల్దేరదాం' అన్నది తొలి ప్రశ్న. లిండిస్‌ఫార్న్‌కు 'సాయంత్రం ఎన్నింటిలోగా దాటేయాలి' అన్నది తొలి ప్రశ్న. దీవికి 1954లో వేసిన కాజ్‌వే నీళ్లు తీసినప్పుడే తేలుతుంది. ఏ రోజు ఏ వేళ నుంచి ఏ వేళ వరకు దాటవచ్చో నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ పట్టిక ప్రకటిస్తుంది. రోడ్డు పక్కన బోర్డు కూడా ఉంటుంది.

ఈ వేళలు ఏ రెండు రోజులూ ఒకేలా ఉండవు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వేళ వెనక్కి జరుగుతూ పోతుంది. ఈ శనివారం పొద్దంతా తెరిచి ఉన్న దారి వచ్చే శనివారం సరిగ్గా మిట్టమధ్యాహ్నం మునిగి ఉండొచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల ప్రభావం ఉండనే ఉంది, గాలివాటం కూడా నీటిని ముందే తోసుకురావచ్చు. కాబట్టి సెలవు రోజు చూసుకుని పట్టిక వెతకడం కాదు, పట్టిక చూసుకుని రోజు ఎంచుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆ రోజు దారి ఉదయం 9.40కి తేలి సాయంత్రం 5.05కి మూసుకుంటుందనుకోండి. చివరి నిమిషాన్ని నమ్ముకోకూడదు. 4 గంటలకల్లా కోచ్ ప్రధాన భూభాగం చేరాలి. అందుకు 3.30కి తలుపులు మూయాలి. అందుకు 3.15కి అందరూ కోచ్ దగ్గర ఉండాలి. ఇక ఇటువైపు నుంచి చూస్తే, న్యూకాజిల్ నుంచి ఏ1 రహదారి మీద అరవై మైళ్ల లోపే ప్రయాణం. కోచ్‌కు గంటన్నర పడుతుంది. మధ్యలో కుక్కలను దింపి తిప్పడానికి అరగంట వేసుకుని 8.15కి బయల్దేరితే పదింపావుకు కాజ్‌వే దగ్గరుంటారు. దీవిలో చేతికి మిగిలేది నాలుగున్నర గంటల పైచిలుకు.

అదే లీడ్స్ నుంచి అయితే దూరం రెండింతలకు పైనే. నాలుగున్నర గంటలు నడిపాక డ్రైవర్ 45 నిమిషాలు విరామం తీసుకోవాలన్నది అక్కడి నిబంధన. దాన్ని దాటకుండా వెళ్లిరావచ్చు గానీ, దీవిలో గడిపే సేపు కన్నా సీటు కింద గడిపే సేపు ఎక్కువైతే ఆ కుక్కకు అది విహారం కాదు.

నీటిని తక్కువగా అంచనా వేసినవాళ్ల కోసం కాజ్‌వే పక్కన పొడవాటి కాళ్ల మీద చెక్క గది ఒకటి నిలబడి ఉంది. రోడ్డు మధ్యలో చిక్కుకుంటే వాహనాన్ని అలలకు వదిలేసి మెట్లెక్కి అందులో కూర్చోవాలి. ఇన్ని హెచ్చరికలున్నా వాహనాలు చిక్కుకుంటూనే ఉంటాయి. కోస్ట్‌గార్డు, లైఫ్‌బోటు సిబ్బంది వెళ్లి జనాన్ని తీసుకొస్తూనే ఉంటారు.

సీటు ఎవరికి, నేల ఎవరికి

కోచ్ మాట్లాడేటప్పుడు 'కుక్కలుంటాయి, పర్లేదా' అని ఫోన్లో అడిగి ఊరుకుంటే సరిపోదు. ఎన్ని కుక్కలు, ఏ సైజువి, శుభ్రం చేసే ఖర్చు ఎవరిది, సీటు చిరిగితే ఎవరు కట్టాలి, ఇవన్నీ కాగితం మీదికి రావాలి. డ్రైవర్‌కు కుక్క వెంట్రుకలు పడవేమో కూడా ముందే కనుక్కోవాలి. బయల్దేరే పొద్దున ఆ సంగతి తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

49 సీట్ల కోచ్‌లో 49 మందినీ ఎక్కించి వాళ్ల కుక్కలనూ సర్దాలనుకుంటే నడవలో అడుగు పెట్టే చోటుండదు. ప్రమాదం జరిగితే బయటపడాల్సిన దారి అదే కాబట్టి నడవ ఖాళీగా ఉండి తీరాలి. కుక్క ఉన్న ఒక్కొక్కరికి రెండు సీట్లు లెక్క వేసుకుంటే పన్నెండు కుక్కలకు 24 సీట్లు. కుక్కలు లేని తోడువాళ్లు పన్నెండు మందికి మరో 12. మొత్తం 36. మిగిలిన 13 సీట్లు రెండు కుక్కలకు పడనప్పుడు మధ్యలో దూరం పెంచడానికి, బెదిరిపోయిన కుక్కను వేరే చోటికి మార్చడానికి పనికొస్తాయి. సీట్లన్నీ అమ్మేసుకుంటే తలసరి ఖర్చు తగ్గుతుందన్నది నిజమే, దారిలో తగవులు పెరుగుతాయన్నదీ నిజమే.

కుక్క కూర్చోవలసింది నేల మీద, ఇంట్లో తను పడుకునే చాప మీద. ఆ వాసన దానికి ధైర్యం. వాహనంలో కుక్క డ్రైవర్ దృష్టి మళ్లించకుండా, హఠాత్తుగా ఆగితే ఎగిరి పడకుండా కట్టి ఉంచాలని బ్రిటన్ హైవే కోడ్ 57వ నియమం చెబుతుంది. మెడ పట్టీకి కాకుండా ఛాతీకి వేసే హార్నెస్‌కు కట్టడం మంచిది. బ్రేకు పడితే కుదుపు మెడ మీద పడదు.

కొత్త కుక్కలను కోచ్ మెట్ల దగ్గర ముక్కూముక్కూ కలిపితే గొడవ ఖాయం. బయల్దేరడానికి ముందు పావుగంట అన్నిటినీ ఒకే వైపుకు, మధ్యలో దూరం ఉంచి నడిపిస్తే వాసనలు అలవాటవుతాయి. దగ్గరికి ఎవరూ రాకూడదనిపించే కుక్క లీష్‌కు పసుపు రిబ్బన్ కట్టే అలవాటు బ్రిటన్‌లో ఉంది. ఎదలో ఉన్న ఆడకుక్కను ఈసారికి ఇంట్లో వదిలి రావడమే మిగతా పదకొండింటికీ మేలు.

కడుపు సంగతి మరవకూడదు. బయల్దేరే ముందు కడుపునిండా పెడితే మొదటి మలుపులోనే బయటికొస్తుంది. రెండు మూడు గంటల ముందే కాస్తంత పెట్టి ఆపాలి. నీళ్లు మాత్రం ఆపకూడదు. ప్రయాణం పడని కుక్కలకు మందులున్నాయి, వాటిని పశువైద్యుడే రాయాలి.

ఇక ఎండ. ఇంగ్లండ్‌లో ఎండేమిటని మనవాళ్లు నవ్వొచ్చు. బయట 22 డిగ్రీలున్న రోజున మూసిన కారులో గంటలోపే 47 డిగ్రీలకు చేరవచ్చని అక్కడి జంతు సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ హెచ్చరిస్తుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దాని చల్లదనం. భోజనానికి వెళ్తూ 'కాసేపే కదా' అని కుక్కను కోచ్‌లో వదలడం కుదరదు. అందుకే కుక్కలను రానిచ్చే హోటల్‌కు ముందే ఫోన్ చేసి ఎంతమందో, ఎన్ని కుక్కలో చెప్పి ఉంచాలి. లేదా అందరూ టిఫిన్ డబ్బాలు కట్టుకోవాలి.

దీవిలో దారులు, హద్దులు

కోచ్ ఊరి అంచున ఉన్న పార్కింగ్‌లో ఆగుతుంది. అక్కడి నుంచి అంతా నడకే. మఠం శిథిలాలు ఇంగ్లిష్ హెరిటేజ్ సంరక్షణలో ఉన్నాయి. లీష్ ఉంటే కుక్కలు అక్కడికి రావచ్చు. ఎర్రరాతి కమాను కింద నిలబడి ఫొటో దిగని కుక్క ఉండదేమో.

కోటకు దాదాపు మైలు నడవాలి. పదహారో శతాబ్దంలో మఠం రాళ్లతోనే కట్టిన ఈ కోట ఇప్పుడు నేషనల్ ట్రస్ట్‌ది. దీన్ని 1901లో 'కంట్రీ లైఫ్' పత్రిక స్థాపకుడు ఎడ్వర్డ్ హడ్సన్ కొని, నివాసంగా మార్చే పని ఎడ్విన్ ల్యూటెన్స్‌కు అప్పగించాడు. న్యూఢిల్లీకి రూపం ఇచ్చిన ల్యూటెన్సే ఆయన. ఢిల్లీలో నిజాం కోసం హైదరాబాద్ హౌస్ గీసిన చెయ్యీ అదే. కోట గదుల్లోకి సహాయక శునకాలకే ప్రవేశం. అందుకే బృందం రెండుగా విడిపోవాలి. సగం మంది లోపలికి, సగం మంది కుక్కలతో బయట. తర్వాత వంతు మార్చుకోవాలి. బయట ఉన్నవాళ్లకూ చూడటానికి కొదవ లేదు. పాత హెర్రింగ్ చేపల పడవలను బోర్లించి, తలుపు పెట్టి కొట్టాలుగా వాడుకున్నారు. గెర్‌ట్రూడ్ జెకిల్ 1911లో రూపొందించిన చిన్న తోట కాస్త దూరంలో రాతిగోడల మధ్య ఉంది.

దారిలో గొర్రెలు మేస్తుంటాయి. ఇక్కడ లీష్ వదలడం సరదా వ్యవహారం కాదు. పొలంలో గొర్రెలను తరిమే కుక్క యజమాని మీద 1953 నాటి చట్టం కింద కేసు పడుతుంది. కొన్ని పరిస్థితుల్లో రైతు ఆ కుక్కను కాల్చినా చట్టం అతణ్ని తప్పుపట్టదు. కుక్క మెడలో యజమాని పేరు, చిరునామా ఉన్న బిళ్ల ఉండాలన్నది 1992 నుంచి, మైక్రోచిప్ ఉండాలన్నది 2016 నుంచి ఇంగ్లండ్‌లో అమల్లో ఉన్న నియమాలు. బృందం నాయకుడు ఇవి బయల్దేరే ముందే ఒక్కొక్కటిగా చూడాలి.

దీవి చుట్టూ ఇసుకదిబ్బలు, బురదనేలలు కలిపి జాతీయ ప్రకృతి రక్షితప్రాంతం. స్వాల్‌బార్డ్ నుంచి వచ్చే బ్రెంట్ బాతులు చలికాలం ఇక్కడే గడుపుతాయి. వేసవిలో లిటిల్ టెర్న్ పక్షులు ఇసుక మీదే గుడ్లు పెడతాయి. పరుగెత్తే కుక్క వాటిని తొక్కాలని తొక్కదు, కానీ గూడు వదిలి ఎగిరిన తల్లి తిరిగి రావడానికి పట్టే సమయంలో గుడ్లు చల్లారిపోతాయి.

దిబ్బల్లో మరో చిక్కు ఉంది. పిర్రి-పిర్రి అనే న్యూజిలాండ్ మొక్క. ఉన్ని దిగుమతులతో ఇటు వచ్చిందని చెబుతారు. ఎండాక దాని కాయలు మన ఉత్తరేణి గింజల్లా మేజోళ్లకు, కుక్క బొచ్చుకు పట్టేస్తాయి. పొడుగు జుట్టు స్పానియల్ ఒక్కటి చాలు, విత్తనాలను ఇంకో తీరానికి మోసుకుపోవడానికి. కోచ్ ఎక్కే ముందు దువ్వెన తీయాల్సింది అందుకే. దువ్విన కాయలను అక్కడే పారేయకుండా కవర్లో కట్టాలి.

వేరే దీవులైతే

ఆటుపోట్ల బెడద వద్దనుకునేవాళ్లకు వేల్స్‌లోని యాంగిల్సీ ఉంది, కోచ్ వంతెన మీద నుంచి నేరుగా వెళ్లిపోతుంది. ఐల్ ఆఫ్ వైట్‌కు కోచ్‌తో సహా ఫెర్రీ ఎక్కాలి. ఫెర్రీలో కుక్కలతో కూర్చునే చోట్లుంటాయి, కానీ వేసవిలో కొన్ని బీచ్‌లలో కుక్కలకు నిషేధం. లిండిస్‌ఫార్న్‌కు కనుచూపు మేరలోనే ఉన్న ఫార్న్ దీవుల్లో పక్షుల గూళ్ల కారణంగా కుక్కలను దిగనివ్వరు. వేల్స్ తీరంలోని స్కోమర్‌లోనూ అంతే. అందమైన దీవులన్నీ కుక్కలకు తెరిచి లేవు.

మన దగ్గర కుక్కతో రైలెక్కినవాళ్లకు ఈ తంతు కొత్తగా అనిపించదు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదంటే కుక్క గార్డు బ్రేక్‌వ్యాన్‌లోని పెట్టెలో ప్రయాణించాలి. ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలంటే ఎక్కడైనా ముందస్తు ఏర్పాటు కావాల్సిందే.

మూడుంపావు

తిరుగు వేళకు బృందం నాయకుడి చేతిలో రెండు జాబితాలుండాలి, ఒకటి మనుషులది, ఒకటి కుక్కలది. అట్ట మీద ఒక్కో పేరు ఎదురుగా టిక్కు పెట్టాలి. తడిసిన కాళ్లకు తువ్వాళ్లు, గిన్నెలో మంచినీళ్లు తలుపు దగ్గరే ఉండాలి. ఆ నీళ్లు అవసరం కూడా. రోజంతా అలల్లో గెంతి ఉప్పునీళ్లు తాగిన కుక్కకు దారిలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పొద్దున ఏ కుక్క పక్కన ఏది కూర్చుందో ఇప్పుడూ అదే వరుస. మొదట వెనక సీట్లు, తర్వాత ముందువి. అప్పుడు నడవలో ఒకదాన్నొకటి దాటే పని ఉండదు.

ఇరవై నాలుగు మంది, పన్నెండు తోకలు. లెక్క సరిపోతే తలుపు మూసుకుంటుంది. కోచ్ కాజ్‌వే ఎక్కేసరికి రెండు పక్కలా ఇసుక ఇంకా మెరుస్తూనే ఉంటుంది, చెక్క గది కాళ్ల దగ్గర గుంటల్లో మాత్రం నీళ్లు కదలడం మొదలవుతుంది. లోపల పొద్దున మొరిగిన టెర్రియర్ చాప మీద ముడుచుకుని గురక పెడుతుంటుంది. దాని చెవి వెనక ఒక పిర్రి-పిర్రి కాయ, దువ్వెనకు దొరకనిది, ఇంకా అంటుకునే ఉంటుంది.