రాగిరేకులు - రాళ్ళపల్లి స్వరరచన

కడప సీమలోని తాళ్ళపాకలో జన్మించిన అన్నమాచార్యుని సంకీర్తనల సాహిత్యాన్ని రాగిరేకులు కాపాడాయి, వరుసలను కాపాడలేదు. రేకులపై ప్రతి కీర్తనకు రాగం పేరుందే గాని స్వరాలు లేవు. పైగా ఆ రాగాలలో కొన్ని ప్రచారం నుండి తొలగిపోయాయి.

ఈ చిక్కును ఎదుర్కొన్న విద్వాంసులలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893-1979) ముఖ్యులు. అనంతపురం జిల్లాలో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు బోధించిన ఆయన, అక్కడే బిడారం కృష్ణప్ప వద్ద సంగీతం అభ్యసించారు. ఉద్యోగ విరమణానంతరం తిరుపతిలో సంకీర్తనల పరిష్కరణ చేపట్టి, అనేక కీర్తనలకు స్వరాలు కూర్చారు. 1974లో సంగీత కళానిధి బిరుదు పొందారు.

ఆయన కూర్చిన వరుసలను అన్నమయ్య పాడిన వరుసలుగా భావించరాదు. అవి ఇరవయ్యో శతాబ్ది రచనలు. అయితే పదవిభాగం, అర్థం చెడకుండా పాట నడపడంలో సాహిత్యాచార్యుని చెవి స్పష్టంగా వినిపిస్తుంది. కేవల గాయకునికి ఇది సులభసాధ్యం కాదు.