రెండు సెంటీమీటర్ల ఊదా బంగారం

చిమ్మట అనగానే ట్యూబ్‌లైట్ చుట్టూ తిరిగే మట్టిరంగు పురుగే గుర్తొస్తుంది కదా? బ్రిటన్, ఐర్లాండ్‌లలో కనిపించే 'పర్పుల్ బోర్డర్డ్ గోల్డ్' వేరే లెవెల్. ఊదారంగు రెక్కల మీద బంగారు పసుపు మచ్చలు. రెక్కలు చాపినా 2 సెంటీమీటర్లే, మన రూపాయి బిళ్ల మీద సరిపోతుంది. జూన్, జులైలలో ఎక్కువగా తెల్లవారుజామునే ఎగురుతుంది. నైట్‌షిఫ్ట్ చేసేవాళ్లకైతే ఫొటో తీయడం ఈజీ!

దీనికి చిక్కంతా ఇంటితోనే. నీళ్లు నిలిచే బురద నేలలు, తడిగా ఉండే పొదల మైదానాలే దీని చోటు. చలికాలమంతా గొంగళిపురుగుగా అక్కడే గడపాలి. ఆ బురద నేలల్లో నీటి వల్ల చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లవు. అలా పేరుకున్నదే పీట్. ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు. మీటరు మందం రావాలంటే వెయ్యేళ్లు! అలాంటిదాన్ని కాలువలు తీసి ఎండబెట్టి, తవ్వి, పూలకుండీల కోసం సంచుల్లో అమ్మేశారు. ఎండిన పీట్‌లోంచి కార్బన్ డయాక్సైడ్ కూడా గాల్లోకి పోతుంది. చిమ్మటకి ఇల్లు పోయింది, మనకి వేడి మిగిలింది.

పీట్‌కి బదులు వాడుతున్న వాటిలో కోకోపీట్ ఒకటి. అవును, మీరు బాల్కనీ మొక్కల కోసం ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే కొబ్బరి పొట్టు ఇటుకే. ఇండియా నుంచి ఓడల్లో విదేశాలకి వెళ్తోంది. ఉప్పు పోయేలా కడగడానికి బోలెడు నీళ్లు కావాలి, కాబట్టి అదీ ఫ్రీ ఏం కాదు. అయినా కొబ్బరికాయలు ఏటా కాస్తాయి.

బ్రిటన్‌లో కొన్నిచోట్ల పాత కాలువలకి అడ్డుకట్టలు వేసి, నేలని మళ్లీ తడుపుతున్నారు.